దై, బహ్మన్, ఇస్ఫందార్: మన చలికాలానికి పాత పేర్లు

ఫజర్ అజాన్ వినిపిస్తుంది. కళ్ళు తెరుచుకుంటాయి. కాళ్ళు మాత్రం రజాయిలోంచి బయటికి రామని హర్తాళ్ చేస్తాయి. డిసెంబరులో మన ఇళ్ళల్లో రోజూ జరిగే మొదటి జంగ్ ఇదే. గీజరు నీళ్ళు వేడెక్కేదాకా ఆగాలా, చన్నీళ్ళతోనే బిస్మిల్లా అని వుజూ మొదలెట్టాలా అన్న సోచ్‌లోనే ఐదు నిమిషాలు గడుస్తాయి.

మన హైదరాబాదోళ్ళ జాడా మీద కశ్మీరీలు జోకులేసుకోవచ్చు. పన్నెండు డిగ్రీలకు మనం మంకీ క్యాపు, మఫ్లరు, రెండు స్వెటర్లు తొడుక్కుని చాయ్ హోటల్ ముందు నిలబడతాం. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లా-ఎ-కలాన్. నల్లాల్లో నీళ్ళు గడ్డకట్టే రోజులవి. చిల్లా అన్న మాట మనకు కొత్తదేమీ కాదు. బాలింతకు నలభై రోజులు నిండితే చేయించే గుస్ల్‌ని మన ఆడవాళ్ళు చిల్లా నహానా అంటారు. ఫారసీలో చిహిల్ అంటే నలభై. చలికైనా, బాలింతకైనా, ఫకీరు గారి ఖల్వత్‌కైనా లెక్క ఒకటే.

పొద్దున్నే లాగించే నిహారీ సంగతీ అంతే. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా పొయ్యి మీద ఉడికి పొద్దున పళ్ళెంలోకి వచ్చేది కాబట్టి నిహారీ. రాత్రి పదకొండుకు నిహారీ తినే మన నౌజవాన్లకు ఈ సంగతి చెబితే నవ్వి ఇంకో కుల్చా అడుగుతారు.

రజాయి గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఫైబరు రజాయిలు ఆన్‌లైన్లో వస్తున్నాయి గానీ, ఒకప్పుడు చలి మొదలవుతుందంటే గల్లీలో కమాన్ తీగ టంగుమని మోగేది. దూది ఏకేవాళ్ళు వచ్చేవారు. పాత రజాయి విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ పరిచి కుట్టేవాళ్ళు. ఆంధ్ర, రాయలసీమల్లో మన దూదేకుల, నూర్‌బాషా సోదరుల ఖాందానీ పేషా అదే. వాళ్ళకే లద్దాఫ్ అని ఇంకో పేరుంది. అది అరబ్బీ నద్దాఫ్ నుంచి వచ్చింది. నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే జమాతు పేరు అరబ్బీ, చేసే పని మన పత్తి చేనుది. దక్కన్ అంటే ఇదే కదా!

ఖైర్, అసలు సంగతికి వస్తాను. డిసెంబరు వస్తే మా ఇంటికి మెహమాన్లు పెరుగుతారు. నా మీద మొహబ్బత్ ఎక్కువై కాదు. అమెరికా, సౌదీ, దుబాయ్ నుంచి పిల్లలు సెలవులకు వస్తారు. అందరూ ఒక చోట చేరగానే జమీను మాట వస్తుంది. జమీను మాట రాగానే దాదా గారి రేకు పెట్టె తెరుచుకుంటుంది. అందులోంచి పసుపు పచ్చటి కాగితాలు బయటపడతాయి. అన్నీ ఉర్దూలో, అదీ షికస్తా రాతలో. పిల్లలు ఇంగ్లీషు మీడియం, తల్లిదండ్రులు తెలుగు మీడియం. "అంకుల్, మీరు ఉర్దూ మీడియం కదా, జర చదివి చెప్పండి" అని నా దగ్గరకు తెస్తారు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినందుకు నాకు దొరికిన పద్మశ్రీ ఇది. చాయ్ కూడా నా ఖర్చే.

మొన్న ఒక కుటుంబం తెచ్చిన కాగితం మీద సన్ 1351 అని ఉంది. ఆ అబ్బాయి ఇంజనీరు. ఫోనులో లెక్క చూసి, 1351 హిజ్రీ అంటే 1932 అని తేల్చేశాడు. అక్కడే చిక్కొచ్చింది. దాదా పుట్టింది 1921లో. పదకొండేళ్ళ పిల్లాడు ఐదెకరాల పొలం ఎలా కొన్నాడు? దీని మీద అన్నదమ్ములిద్దరి మధ్య వారం నుంచి బహస్. ఇది దాదాది కాదు, పర్‌దాదాది అని ఒకరు. అలాగైతే హిస్సాలు మారతాయి, చాచాల ఔలాదుకు కూడా వాటా వస్తుంది అని ఇంకొకరు. చూడండి, ఒక తారీఖు తప్పు చదివితే ఖాందానే రెండు ముక్కలవుతుంది.

కాగితం చూశాను. నెల పేరు ఖుర్దాద్. అది చూడగానే సగం మామలా తేలిపోయింది. హిజ్రీ అయితే రజబో, షాబానో ఉండాలి. ఖుర్దాద్ అంటే ఫసలీ. 1351 ఫసలీ ఖుర్దాద్ అంటే 1942 ఏప్రిల్ ప్రాంతం. దాదాకు ఇరవై ఒక్కేళ్ళు. పొలం ఆయనే కొన్నాడు. అల్‌హమ్దులిల్లా, ఆ పూట మా ఇంట్లో అన్నదమ్ములు ఒకే ప్లేటులో సమోసా తిన్నారు.

ఇంతకీ ఈ ఫసలీ ఎక్కడిది?

హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క. 354 రోజులు, అప్పుడప్పుడు 355. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. అందుకే రంజాన్ అన్ని రుతువుల్లోకీ తిరుగుతూ వస్తుంది. 1997లో రంజాన్ రెండుసార్లు మొదలైంది, జనవరిలో ఒకసారి, డిసెంబరు ఆఖరున ఇంకోసారి. ఆ చలిలో సెహ్రీకి లేచిన వాళ్ళకు బాగా యాదుంటుంది. ఇఫ్తార్ త్వరగా వచ్చేసేది, దాహం అయ్యేదే కాదు. ఇన్షాల్లా 2030లో కూడా అలాగే, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు ఆఖర్లో ఒకటి.

తమాషా ఏమిటంటే నెలల పేర్లకు మాత్రం రుతువుల వాసన ఉంది. రంజాన్ పేరు మండే ఎండ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందంటారు. జమాదిలో గడ్డకట్టడం ఉంది, మనం జమ్ గయా అంటామే, అదే జమద్. రబీ అంటే వసంతం. పేర్లు పెట్టినప్పుడు రుతువులు ఎలా ఉండేవో గానీ, ఇప్పుడు గడ్డకట్టే జమాది రోహిణి కార్తెలోనూ వస్తుంది, మండే రంజాన్ రజాయిలోనూ వస్తుంది. మన రైతులు రోజూ అనే ఖరీఫ్, రబీలు కూడా ఈ అరబ్బీ మాటలే. ఖరీఫ్ అంటే శరత్కాలం, రబీ అంటే వసంతం. విత్తే కాలం కాదు, కోసే కాలం పేర్లు అవి. డిసెంబరు చలిలో రబీ పంటకు నీళ్ళు పెట్టే రైతు, నిజానికి వసంతాన్ని పండిస్తున్నాడన్నమాట.

ఇబాదత్‌కు చంద్రుడి లెక్కతో ఏ దిక్కతూ లేదు. దిక్కతంతా శిస్తుతోనే. పంట సూర్యుడి లెక్కలో వస్తుంది. సర్కారు చంద్రుడి లెక్కలో వసూలు చేస్తే? 32 పంటల కాలంలో 33 హిజ్రీ సంవత్సరాలు గడిచిపోతాయి. అంటే 32 పంటలు తీసిన కిసాను 33 సార్లు శిస్తు కట్టాలి. ఒక శిస్తు పూర్తిగా గాలిలోంచి పుట్టుకొస్తుంది. పంట ఇంకా పచ్చిగా ఉండగానే వసూలుకు మనుషులు వచ్చేస్తారు, రైతు అప్పు చేయాలి.

ఇది పాత రోగమే. బగ్దాదులో అబ్బాసీ ఖలీఫా అల్ ముతజిద్ 895లో ఖరాజ్ వసూలు చేసే నౌరోజ్‌ను పంట చేతికొచ్చే జూన్ నెలకు మార్చాడు. హిందూస్తాన్‌లో అక్బర్ జమానాలో ఫసలీ మొదలైంది. ఫసల్ అంటే పంట. హిజ్రీ 963, అంటే 1556 నుంచి అంకె అలాగే ఉంచి, ఇక మీదట సూర్యుడి లెక్కన ముందుకు నడిపారు. మన దక్కన్‌కు ఈ పద్ధతి షాజహాన్ కాలంలో, 1636లో వచ్చింది. అప్పుడు హిజ్రీ 1046 నడుస్తోంది. ఆ అంకె దగ్గరే మన ఫసలీ మొదలైంది. 1636లోంచి 1046 తీసేయండి. 590 మిగులుతుంది. ఈ 590 మన రేకు పెట్టెలన్నిటికీ తాళంచెవి.

హైదరాబాద్ రియాసత్‌లో ఫసలీ సాల్ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. నెలలకు ఫారసీ పేర్లు: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఇంచుమించుగా అక్టోబరు ఆజుర్, నవంబరు దై, డిసెంబరు బహ్మన్, జనవరి ఇస్ఫందార్. ఇరాన్‌లో ఈ పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, కానీ అక్కడ దై మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో, అంటే షబ్-ఎ-యల్దా గడిచిన మర్నాడు. పేర్లు అవే అయినా మన దగ్గర నెలన్నర ముందే వచ్చేసేవి. ఆజర్ అంటే ఫారసీలో నిప్పు. అంగీఠీ వెలిగించే కాలానికి భలే పేరు!

లెక్క ఇలా గుర్తుపెట్టుకోండి. ఆజుర్, దై అయితే ఫసలీకి 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా అయితే 591. బహ్మన్ మాత్రం డిసెంబరులో మొదలై జనవరి మొదటి రోజుల్లోకి జారుతుంది కాబట్టి తారీఖు చూసుకోవాలి. రెండు మిసాల్లు ఇస్తాను. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది 1937 ఫిబ్రవరి 22న. ఫసలీలో అది ఫర్వర్ది 1346. ఆయనే రాజ్‌ప్రముఖ్ అయింది 1950 జనవరి 26న. పాత లెక్కలో ఇస్ఫందార్ 1359.

ఆంధ్ర, రాయలసీమ చదువరులకు ఇంకో జాగ్రత్త. మీ దగ్గర మద్రాసు సర్కారు ఫసలీని జూలై 1కి జరిపింది. గ్రామ లెక్కల్లో, జమాబందీలో వినిపించే ఫసలి అదే. 1435 ఫసలి అంటే 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 వరకు. అంకె ఒకటే, మొదలయ్యే రోజు వేరు. కర్నూలు మామకూ కరీంనగర్ అల్లుడికీ ఇక్కడే తేడా వస్తుంది.

"ఎప్పుడో పోయిన ఫసలీతో ఇప్పుడేం పని సాబ్" అంటారా? హైదరాబాదులో పోలీసు కమిషనర్ సభల మీద, గుంపుల మీద నిషేధాజ్ఞలు ఇచ్చినప్పుడు పేపరులో జాగ్రత్తగా చదవండి. హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం 1348 ఫసలీ అని ఉంటుంది. మాల్‌గుజారీ చట్టం 1317 ఫసలీది. జాగీర్లు రద్దు చేసిన 1949 ఆగస్టు 15 నాటి ఫర్మానా కూడా 1358 ఫసలీ పేరుతోనే ఉంది. రియాసత్ 1948 సెప్టెంబరులోనే పోయింది, దాని తారీఖు మాత్రం నౌకరీలోనే ఉంది.

ఇక పెట్టె తెరిచేవాళ్ళకు మూడు సూచనలు. ఒకటి, సంవత్సరం అంకె పక్కన ఉన్న చిన్న అక్షరం చూడండి. ఫే ఉంటే ఫసలీ, దో చష్మీ హే ఉంటే హిజ్రీ, హమ్జా ఉంటే ఈస్వీ. మన ఖాందాన్లలో నికాహ్‌నామా హిజ్రీలో, పొలం కాగితం ఫసలీలో ఒకే పెట్టెలో ఉంటాయి. దాదాల కాలంలో రెండిటికీ తొమ్మిది, పదేళ్ళ తేడా. రెండు, ఉర్దూ ఐదు గుండ్రంగా ఉంటుంది, సున్నా ఒక చుక్క. ఉర్దూ రాని కళ్ళకు ఐదు సున్నాలా కనిపిస్తుంది, చుక్క మచ్చలా కనిపిస్తుంది. 1351 కాస్తా 1301 అయిపోతుంది, యాభై ఏళ్ళు హారతి కర్పూరం! మూడు, నెల పేరు వదలకండి. అంకె దగా చేసినా నెల పేరు చేయదు.

సేత్‌వార్, పహాణీ, ముంతఖబ్, వసూల్ బాకీ, ఏ కాగితమైనా సరే, ముందు లామినేషన్ చేయించకండి. వేడికి పాత కాగితం, సిరా రెండూ ఖరాబవుతాయి. వెలుతురులో ఫోటో తీసి, రెండు చోట్ల భద్రం చేయండి. షికస్తా చదవగల బుజుర్గులు ఊరికి ఒకరిద్దరు కూడా మిగల్లేదు. ఉన్నవాళ్ళ చూపు తగ్గుతోంది, చలికి చేతులు వణుకుతున్నాయి. నా లాంటి వాడు నస్తాలీఖ్ అయితే గబగబా చదివేస్తాడు, షికస్తా దగ్గర మాత్రం నాకూ ఒక రిటైర్డ్ మున్షీ గారి మదద్ కావాలి. ఆయనకు ఎనభై దాటాయి.

పిల్లలు సెలవుల్లో ఇంట్లోనే ఉన్నారు. పల్లీలు, తిల్ లడ్డూలు ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మిద్దె మీద ఎండలో చాప పరిచి, నానీ, దాదీలను కూర్చోబెట్టి ఆ పెట్టె తెరవండి. ప్రతి కాగితం వెనకా వద్దు, ఒక నోటుబుక్కులో రాయండి: ఇది ఎవరిది, ఏ ఊరిది, ఏ తారీఖుది, ఇంగ్లీషు లెక్కలో ఎప్పుడు. నానీకి ఖుర్దాద్ అంటే ఎండలు మొదలయ్యే నెల అని ఇంకా యాదుండొచ్చు. అడిగితేనే చెబుతుంది.