గర్భిణులలో ఫ్లూ టీకాపై వైఖరులు

ఫ్లూ మామూలు జ్వరమే అనిపించినా గర్భిణుల విషయంలో తేలిగ్గా తీసుకోదగినది కాదు. నెలలు నిండేకొద్దీ ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, గుండెపై భారం పెరుగుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతమే, మృతుల్లో మాత్రం దాదాపు 5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఫ్లూ టీకా విషయంలో గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అయినా చాలామంది వేయించుకోవడం లేదు.

వెనకాడేవారి మనసులో ముందుండేది బిడ్డ గురించిన భయం. తలనొప్పి మాత్రకే జంకే రోజులవి. జబ్బు దానంతటది వస్తే తలరాత అనుకుంటారు, సూది వేయించుకున్నాక ఏదైనా జరిగితే చేజేతులా తెచ్చుకున్నామని కుమిలిపోతారు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. 2017లో ఒక అమెరికా అధ్యయనం, వరుసగా రెండేళ్లు టీకా తీసుకున్నవారిలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని చెప్పి కలవరం రేపింది. మరింత మందిని పరిశీలించి 2019లో వెలువరించిన తదుపరి అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు.

టీకాతోనే ఫ్లూ వస్తుందని నమ్మేవారూ ఉన్నారు. గర్భిణులకు వేసే సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు కనుక అది ఫ్లూ తెప్పించలేదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఉండవచ్చు. ముక్కులో కొట్టే జీవ టీకాను మాత్రం గర్భిణులకు ఇవ్వరు.

తల్లుల మనసు మార్చగలిగేది బిడ్డకు కలిగే మేలు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఫ్లూ టీకా వేయరు, వారికి అండ తల్లి నుంచి మాయ ద్వారా అందే ప్రతిరక్షకాలే. 2008లో ప్రచురితమైన బంగ్లాదేశ్ పరిశోధనలో, టీకా తీసుకున్న తల్లుల పిల్లల్లో పరీక్షలతో నిర్ధారించిన ఫ్లూ 63 శాతం తగ్గింది.

భారత్‌లో గర్భిణులకు సూది కొత్త కాదు. ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం ధనుర్వాతం టీకా (ఒకప్పుడు టీటీ, ఇప్పుడు టీడీ) వేసి కార్డులో తేదీ రాస్తే ఇంట్లో ఎవరూ అభ్యంతరపెట్టరు. ఫ్లూ టీకా మాత్రం సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు, ఎక్కువగా డబ్బు పెట్టి ప్రైవేటులోనే వేయించుకోవాలి. ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ దీన్ని సిఫారసు చేసింది. కానీ చాలామందికి ఆ మాట చెప్పేవారే లేరు, కాబట్టి ఇక్కడ నిరాకరణ కంటే తెలియకపోవడమే పెద్ద అడ్డంకి. నమ్మిన డాక్టరు నోటి మాటే ఏ ప్రచారం కంటే ఎక్కువగా పనిచేస్తుందని పలు దేశాల సర్వేలు చూపాయి. ఈ టీకాను గర్భం ఏ నెలలో ఉన్నా వేయించుకోవచ్చు. డాక్టరు ప్రస్తావించకపోతే గర్భిణులే అడగాలి.