రాస్‌కు దారి చూపిన నలుపు

హైదరాబాద్ పాతబస్తీకి ఉత్తరాన, హుస్సేన్ సాగర్ అవతల బేగంపేటలో 1897 ఆగస్టు 20న వైద్యుడు రోనాల్డ్ రాస్ కోసిన దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమివేనని ఆయనను నమ్మించింది వాటిలోని నల్లని రేణువులు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగినది. నలుపు ఆ రక్తంతోనే దానిలోకి చేరింది. అంటే మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందన్న ఈ ఆవిష్కరణ నిలబడింది ఒక కణం అరిగించుకున్న తిండి మీద. ఎర్రరక్తకణంలో దూరిన క్రిమి హీమోగ్లోబిన్‌ను చిన్న చిన్న తిత్తుల్లో నింపుకుంటుంది. తిత్తి పొర, ఆమ్లం నిండిన జీర్ణకోశపు పొరతో కలిసి ఒకే పొరగా మారితే సరుకు లోపల పడుతుంది. ప్రోటీన్ అరిగాక మిగిలే విషపు హీమ్‌ను క్రిమి నల్లని స్ఫటికాలుగా మార్చేస్తుంది.

శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్, మన కణాల జీర్ణకోశమైన లైసోజోమ్‌కు పేరు పెట్టింది 1955లో కదా, రాస్‌కు ఇదంతా ఏం తెలుసు అని అడగవచ్చు. నిజమే. పైగా మన లైసోజోముల్లోని ఎంజైములన్నీ క్రిమి జీర్ణకోశంలో లేవు. అయినా ఆమ్లమూ, ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములూ, తిత్తుల్లో వచ్చే సరుకూ ఇక్కడా ఉన్నాయి. చేసే పని అదే. రాస్‌కు కావలసింది సిద్ధాంతం కాదు, ఆనవాలు. వైద్యుడు లావెరాన్ 1880లో రోగుల రక్తంలో చూసిన నలుపూ ఇదే. మలేరియా మందు క్లోరోక్విన్ దెబ్బకొట్టేదీ ఈ కోశంలోనే: హీమ్‌ను స్ఫటికం కానివ్వకుండా ఆపి, క్రిమిని దాని తిండితోనే చంపుతుంది.