కీళ్లనొప్పులు - నిదానము

మోకాళ్లు పట్టుకొని మూలుగుచు లేచు పెద్దలు లేని యిల్లు మనలో నరుదు. “వాతము చేసినది” అని యొక మాట పలికి, నూనె రాచి, కాపడము పెట్టి యూరకుండుట లోకాచారమైనది. కాని వాతమను నా యొక్క మాట చాటున నెన్నియో వేర్వేరు వ్యాధులు దాగియున్నవి. మాధవకరుడు ఆమవాతమును ఇతర వాతవ్యాధులలో గలుపక, దానికి వేఱుగ నొక ప్రకరణము వ్రాసెను. ఆయన గ్రంథమునకు పేరే నిదానము. రోగమును గుర్తించుట ముందు, ఔషధము తరువాత. నేటి యిండ్లలో నీ క్రమము తలక్రిందైనది.

నిదానము తప్పిన నెంత నష్టమో తెలుపుటకు మన దేశచరిత్రముననే యొక నిదర్శనము గలదు. చెన్నరాజధానిలోని నాటి నెల్లూరు జిల్లాయందు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు మెట్టభూములు. అచ్చటి రైతులు మొదట తమ దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుట గమనించిరి. కొన్ని యేండ్లకు మనుష్యులయందును నట్టి బాధయే కానవచ్చెను. వెన్ను కఱ్ఱవలె బిగిసెను, మెడ తిరుగదయ్యెను, నడుము వంగినవారు మరల నిలువలేకపోయిరి.

1937 లో షార్టు, మెక్రాబర్టు, బార్నార్డు, మన్నాడి నాయరు అను నలుగురు పరిశోధకులు ఈ వ్యాధిని లోకమునకు వెల్లడించిరి. హేతువు గాలి కాదు, గ్రహము కాదు, పూర్వజన్మ పాపమును గాదు. నిత్యము త్రాగు బావినీటిలోని ఫ్లోరైడు. అది రాళ్లలోని ఖనిజములనుండి కరగి భూగర్భజలమున జేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏండ్ల తరబడి యెముకలలో నిలువయై వానిని దట్టము చేయును. కీళ్లను బంధించు నరములవంటి కట్లను సయితము సున్నపుగట్టిగా మార్చును. తొలిదశలో కానవచ్చునది కీళ్లనొప్పియే గనుక, దీనిని సామాన్యమైన కీళ్లవాతమని భ్రమపడుట సులభము. పండ్లపై మచ్చలు, ఎక్స్-రే పటము, నీటి పరీక్ష, ఈ మూడును గలిపి చూచిననే సత్యము బయటపడును.

1955 లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని యీ వ్యాధినిగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసెను. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతి తరువాత నా జిల్లా పేరనే ప్రసిద్ధి కెక్కినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒకసారి బిగిసిన వెన్ను మరల యథాస్థితికి రాదు. నీటిని మార్చుటయే దీనికి ముఖ్యమైన రక్ష. ఇట్టిచోట వాతమని తైలము రాచుచు, ఆ బావినీటినే త్రాగించిన ఫలమేమి?

ఈ చరిత్ర విశాఖపట్టణవాసులకేల యని కొందఱడుగవచ్చును. 1923 లో వైద్యకళాశాలయు, 1933 లో ఓడరేవును బడసిన యీ పట్టణము, ఉక్కు కర్మాగారము వచ్చిన పిదప నానాజిల్లాల జనులకు నివాసమైనది. మనుష్యుడు ఊరు మారినను, బాల్యమున త్రాగిన నీటి గుఱుతు ఎముకలో నిలిచియుండును. కావున వైద్యునికడకు పోయినప్పుడు నొప్పి యెచ్చట నున్నదో చెప్పుట చాలదు; ఎచ్చట పుట్టితిమో, ఏ నీరు త్రాగితిమో, ఏ పని చేసితిమో కూడ చెప్పవలెను.

ఇంకొక మాట. రూమటాయిడ్ కీళ్లవాతము పురుషులకంటె స్త్రీలకే యెక్కువగా వచ్చును. ఉదయమున వ్రేళ్లు వాచి గంటకాలము వఱకు ముడుచుకొనక బిగిసియుండుట దాని తొలి లక్షణములలో నొకటి. తొలినాళ్ల గుర్తించి మందిచ్చినచో చేతులు వంకరపోకుండ కాపాడవచ్చును. కాని మన యిల్లాండ్రు ఆ చేతులతోనే పిండి రుబ్బి, బట్టలుతికి, బాధను నోట ననక యోర్చుకొందురు. దానినే సుగుణమని మనము మెచ్చుకొందుము. ఇది మెచ్చుకొనదగిన యోర్పు కాదు. నొప్పియనిన వెంటనే “ఎప్పటినుండి? ఏ కీలున?” అని యడిగి, పరీక్షకు గొనిపోవు గృహస్థుడే యా యింటికి మేలుచేసినవాడగును.