పాడి పాకలో పనివాళ్లు: ఎవరి పని ఏది, ఎవరి బాధ్యత ఎంత

యానాంలో తరాలుగా ఉంటున్న మన ఇళ్లకు పెరటి గేదె కొత్త కాదు. రెండు గేదెలున్నన్నాళ్లూ ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేస్తే సరిపోయేది. అవి పది, పదిహేను అయ్యాక పనిమనుషులు తప్పరు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మేత తక్కువైతే కంటికి కనిపిస్తుంది. "వాడు చేశాడనుకున్నాను" అన్న మాట వల్ల పోయేది మాత్రం నెలాఖరు లెక్కలో గానీ బయటపడదు. అందుకే ఏ పని ఎవరిదో, యజమాని బాధ్యత ఎంతో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

ఎంతమంది కావాలి?

చేత్తో పితికే పాకలో సుమారు పది గేదెలకు ఒక మనిషి అన్నది మామూలుగా చెప్పుకునే లెక్క. దీనికి కారణం చేపు. గేదె చేపిన తర్వాత అయిదారు నిమిషాల్లో పితకడం పూర్తికావాలి. ఆలస్యమైతే పాలు పొదుగులోనే మిగిలిపోతాయి. మేత కోసి తేవడం దూరాభారమైతే దానికి వేరే మనిషిని చూసుకోవాలి. గడ్డి మోపు దింపిన చేత్తోనే పొదుగు పట్టుకునే తొందర పాలకీ మంచిది కాదు, పశువుకీ మంచిది కాదు.

పని పేరు, మనిషి పేరు

పితికే మనిషి: గోళ్లు కత్తిరించుకుని, చేతులు, పొదుగు కడిగాకే మొదలుపెట్టాలి. తొలి రెండు మూడు ధారలు విడి గిన్నెలో పిండి చూడాలి. విరుగుళ్లు కనిపిస్తే అది పొదుగువాపు. అలాంటి గేదెను చివర పితికి, ఆ పాలు వేరుగా ఉంచాలి. బొటనవేలు మడిచి పిండితే చన్ను దెబ్బతింటుంది, గుప్పిటతోనే పితకాలి. పితికిన వెంటనే గాటిలో మేత వేస్తే గేదె ఓ అరగంట నిలబడే ఉంటుంది. ఈలోగా చన్ను రంధ్రం మూసుకుంటుంది.

మేత చూసే మనిషి: మన డెల్టాలో వరిగడ్డే ఆధారం. కోతల తర్వాత పిల్లిపెసర దొరుకుతుంది. ఏ మేత మార్చినా ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా మార్చాలి. దాణా అందరికీ సమానంగా కాకుండా, ఇచ్చే పాలనుబట్టి కొలిచి పెట్టాలి.

ఎద, చూడి, దూడలు చూసే మనిషి: గేదెల్లో మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రిపూట ఒకసారి చూసి రావడం ఈ మనిషి పని. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఒక్క ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ మేత ఖర్చంతా మనమీదే పడుతుంది. పుట్టిన దూడకు తొలి గంట, రెండు గంటల్లోనే జున్నుపాలు తాగించాలి.

యజమాని: రాతపుస్తకం. ఏ గేదె ఎన్ని లీటర్లిచ్చింది, ఎప్పుడు ఎదకొచ్చింది, ఏ మందు వేశారు, ఆ పాలు ఎన్నాళ్లు అమ్మకూడదని డాక్టరు చెప్పారు అన్నవి ఏ రోజువి ఆ రోజే రాయాలి. ఈ పని పనివాళ్లమీదకు నెట్టకూడదు.

సెలవు

చెయ్యి మారితే చాలా గేదెలు చేపవు. పితికే మనిషి సంక్రాంతికి ఊరెళితే పాలు పడిపోయేది ఇందుకే. అప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూది వైపు చూస్తారు. పశువు ఆరోగ్యం చెడేలా చేపు కోసం సూది వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. దీనికి తేలిక మార్గం ఉంది. వారానికో రోజు రెండో మనిషి చేత పితికించండి. గేదెకు ఆ చెయ్యి అలవాటవుతుంది, మొదటి మనిషికి వారం సెలవు దొరుకుతుంది. కనుమ నాడు పశువుకు పసుపు కుంకుమ పెడతాం. ఏడాదంతా దాన్ని చూసుకున్న మనిషికీ ఆ పండగలో ఒక పూట దక్కాలి.

కూలి, కాగితం

పాక యానాంలో ఉంటే పుదుచ్చేరి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం వర్తిస్తుంది. వంతెన దాటి ఎదుర్లంక వైపో, తాళ్లరేవు వైపో ఉంటే ఆంధ్రప్రదేశ్ రేటు. పనివాడు ఏ ఊరివాడన్నది కాదు, పని ఎక్కడ జరుగుతోందన్నది చూడాలి. ఇవ్వాల్సిన కూలి, చేయాల్సిన పనులు, సెలవులు తెలుగులో ఒక కాగితంమీద రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆ మనిషికి ఇవ్వండి.

పాత పాలేరు పద్ధతిలో అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వని అలవాటు ఉండేది. 1976 చట్టం ఈ వెట్టిని రద్దు చేసింది. అడ్వాన్సు ఇస్తే లెక్క రాసుకోవచ్చు గానీ, దాన్ని మనిషికి పలుపులా వాడకూడదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడమూ నేరమే.

మనిషి ఆరోగ్యం

చూడి గేదె ఈసుకుపోతే బ్రూసెల్లోసిస్ అని అనుమానించాలి. అది మనిషికీ అంటుతుంది. ఆ పిండాన్ని, మాయను ఉత్తచేత్తో ముట్టనివ్వకండి. చేతులకు తొడుగులు ఇచ్చి, సున్నం వేసి లోతుగా పాతించండి. పెయ్య దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. పనివాడికి జ్వరం విడవకుండా వస్తుంటే, పశువుల దగ్గర పనిచేస్తాడని డాక్టరుకు తప్పక చెప్పించాలి.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్లవారికి బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఆ ఇరవై యజమానే కట్టడం న్యాయం.

వరద రోజు

1996 నవంబరు తుపాను, 2022 జూలై గోదావరి వరద మనం చూసినవే. నీళ్లొచ్చాక పనులు పంచుకునే వ్యవధి ఉండదు. పలుపులు విప్పేదెవరు, ముందు తోలేది చూడివాటినా దూడలనా, ఏ మెరకకు చేర్చాలి, పశువైద్యుడికి ఫోను చేసేదెవరు అన్నవి వానాకాలానికి ముందే పాక గోడమీద రాసిపెట్టండి. పలుపులకు ఒక్క లాగుతో వీడే ముడి వేయడం అందరికీ నేర్పండి. అన్నిటికన్నా పైన ఒక మాట రాయండి: నీళ్లు నడుము దాటితే పశువును వదిలి మనిషి బయటపడాలి. ఆ మాట యజమాని నోటితో ముందే చెప్పి ఉంచకపోతే, నమ్మకస్తుడైన పనివాడు చివరిదాకా పలుపు వదలడు.