సారథ్యాధికారము

“అన్నయ్యా, వాడు చక్కగా తోలుచున్నాడుగదా, ఇంక లైసెన్సుతో పనియేమి?” అని మా తమ్ముడు నన్నడిగెను. వాని కుమారునకు పదునాఱేండ్లు. చెల్లెలిని వెనుక కూర్చుండబెట్టుకొని స్కూటరుపై ట్యూషనునకు తీసికొనిపోవలెనని ఆ బాలుని కోరిక. ఇంటివారందఱును వాని పక్షమే. నాకప్పుడు తగిన ప్రత్యుత్తరము తోచలేదు. వాడు నిజముగా చక్కగనే తోలును, కాదనుటకు వీలులేదు. కాని చక్కగా తోలుట వేఱు, తోలుటకు అధికారము వేఱు. ఈ భేదమును లోకము ఎట్లు గ్రహించెనో, గ్రహించుటకు ఎంత మూల్యము చెల్లించెనో తెలిసికొనగోరి కొన్నిదినములు గ్రంథములు తిరుగవేసితిని. అందు కనబడిన చరిత్రను చదువరులకు మనవి చేయుచున్నాను.

1896వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన లండను నగరపు క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానమున ఒక ఉత్సవము జరుగుచుండెను. బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను 44 ఏండ్ల గృహిణి తన కూతురును, ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకొని ఆ వేడుక చూడవచ్చెను. ఆ తోటలోనే ఒక కంపెనీవారు మోటారుబండ్లను జనులకు పరిచయము చేయుటకై వారిని ఎక్కించుకొని త్రిప్పుచుండిరి. బండి తనవైపు వచ్చుట చూచి ఆమె ఎటు తప్పుకొనవలెనో తెలియక దిగ్భ్రమతో నిలిచిపోయెను. బండి ఆమెను పడద్రోసెను. కూతురు ప్రక్కనుండగనే ఆమె ప్రాణములు పోయెను. బ్రిటను దేశమున పెట్రోలు మోటారుబండి తగిలి మరణించిన పాదచారులలో ఆమెయే మొదటిదని చరిత్రకారులు వ్రాయుచున్నారు.

విచారణ ఆఱుగంటలసేపు సాగెను. బండి గంటకు నాలుగుమైళ్ల వేగమున మాత్రమే పోవుచుండెనని తోలినవాడు చెప్పెను. మనిషి నడకయు ఇంచుమించుగా అంతియే. అది మంటలార్పు బండివలె పరుగెత్తినదని ఒక సాక్షి చెప్పెను. ఎవరి మాట నిజమైనను, ఒక్క సంగతి చదివినప్పుడు మాత్రము నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. ఆ తోలినవాడు బండి పట్టి అప్పటికి మూడువారములే అయ్యెనట. బాటలో ఏ ప్రక్కన పోవలెనో కూడ అతనికెవ్వరును చెప్పియుండలేదట. జూరీవారు అది యాదృచ్ఛికమరణమని తీర్పుచెప్పిరి. ఎవ్వరికిని శిక్షలేదు. ఇట్టిది మరల జరుగకుండుగాక యని విచారణాధికారి ఆకాంక్షించెను. మూడుమాసములు నిండకమునుపే, వేగపరిమితిని గంటకు 14 మైళ్లకు పెంచిన క్రొత్తచట్టము ఆ దేశమున అమలులోనికి వచ్చెను.

తోలినవానిది తప్పే అనుకొందము. వానికి నేర్పకయే బండిని చేతికిచ్చినవాని మాటయేమి? ఆ తీర్పులో దీనికి సమాధానము లేదు.

మన దేశపు ప్రాచీనులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండ్లవలన కలుగు హానినిగూర్చి కొన్ని విధులు కలవు. కాడి విఱిగినను, పగ్గము తెగినను, తప్పుకొనుడని తోలువాడు కేకవేసియున్నను దండన లేదు. తోలువాని నేర్పులేమివలన బండి దారితప్పి హాని కలిగినయెడల యజమానునకు 200 పణముల దండువు. తోలువాడు నేర్పరియైనచో దండువు వానిదే. నేర్పులేనివాడైనచో బండిలో కూర్చున్నవారికి కూడ తలకు 100 పణములు! నేర్పులేనివాని బండి ఎక్కుటయే ఒక తప్పని భావము కాబోలును. శతాబ్దములు మఱుగుపడియుండి, శామశాస్త్రిగారి కృషివలన 1909లో మైసూరున ముద్రితమైన కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకొక అడుగు ముందునకు వేసినది. తోలువాడు బాలుడైనయెడల అందున్న యజమానునకు దండన. యజమానుడు లేనిచో బండిలోనున్న మఱియొకనికి దండన. పెద్దవారెవ్వరును లేక బాలుడే యున్న బండిని రాజు స్వాధీనపఱచుకొనవలెను.

మన పూర్వులు సమస్తమును ఎఱిగియుండిరని ఱొమ్ము విఱుచుకొను పరిపాటి నాకు సమ్మతము కాదు. శిక్షను కులమునుబట్టి మార్చిన ఆ ధర్మశాస్త్రమును నేడు మరల తలకెత్తుకొనవలెనని నేననను. ఎద్దులబండి న్యాయము యంత్రశకటమునకు ఉన్నదున్నట్లు అతుకదు. అయినను బండిని ఇచ్చినవాడును, ఎక్కినవాడును బాధ్యులేయను ఊహ మాత్రము మఱువదగినది కాదు. మోటారుయుగము ఆ ఊహకు తిరిగివచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ఐరోపాలో అన్ని దేశములును ఒక్కదారిని పోలేదు. పారిసు పోలీసువారు 1893లోనే తోలువానికి సామర్థ్యపత్రముండవలెనని శాసించిరి. ప్రష్యాలో 1903లో పరీక్ష వచ్చెను. మఱుసటియేడు జర్మనీలోని ఆషాఫెన్‌బుర్గు పట్టణమున రూడాల్ఫ్ కెంఫ్ అనునాతడు మోటారు తోలుట నేర్పుటకు పాఠశాలయే తెఱచెను. బ్రిటనులోను 1903 చట్టమువలన లైసెన్సు వచ్చినది గాని, అది పరీక్షలేని లైసెన్సు. 17 ఏండ్లు నిండినవాడు 5 షిల్లింగులు చెల్లించి తీసికొనవచ్చును. అది తోలువాడెవడో గుర్తుపట్టుటకు పనికివచ్చునేగాని వాని నేర్పునకు సాక్ష్యము కాదు. పైగా 1930 చట్టము కార్లకున్న వేగపరిమితిని కూడ తొలగించెను. 1934లో ఆ దేశపు బాటలపై 7,343 మంది మరణించిరి. అందు ఇంచుమించుగా సగముమంది కాలినడకన పోవువారు. డ్రిస్కాల్ గృహిణి వంటివారన్నమాట.

అప్పుడు రవాణామంత్రి పదవికి వచ్చిన లెస్లీ హోర్‌బెలీషా మేలుకొనెను. ఊళ్లలో గంటకు 30 మైళ్లకు మించరాదను కట్టుబాటు 1935 మార్చిలో వచ్చెను. ఆ సంవత్సరము జూను 1వ తేదీనుండి పరీక్ష తప్పనిసరియయ్యెను. పరీక్షారుసుము ఏడున్నర షిల్లింగులు. పరీక్షకొఱకు ప్రత్యేకమైన స్థలములు లేవు. రైలుస్టేషను ముందరనో, ఉద్యానము దగ్గఱనో అధికారి అభ్యర్థికొఱకు నిలిచియుండెడివాడు. మొదట నూటికి 63 మంది కృతార్థులైరి. అయితే ఈ పరీక్ష 1934 ఏప్రిలు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని తోలుట ప్రారంభించినవారికే. అంతకుముందే బండి పట్టిన లక్షలాది జనులు ఏ పరీక్షయు లేకయే జీవితాంతము తోలిరి. పాతవారిని పరీక్షకు నిలిపెడి ధైర్యము ఏ మంత్రికుండును? వారు వోటర్లు! ఇంకొక విచిత్రమేమనగా, నేర్చువానికి 1935లో పరీక్ష వచ్చినను, డబ్బు తీసికొని నేర్పువాడు తాను ఆ పనికి తగినవాడో కాడో నిరూపించుకొని పట్టికలో పేరు చేర్పించుకొనవలెనను నియమము 1970 వఱకు తప్పనిసరి కాలేదు. ముప్పదియైదేండ్లు శిష్యుని పరీక్షించిరేగాని గురువును పరీక్షించినవారు లేరు.

అమెరికావారికి పాఠశాలపై విశ్వాసము మెండు. ఏ సాంఘికదోషము కనబడినను దానినొక పాఠ్యవిషయము చేయుదురు. పెన్సిల్వేనియా రాష్ట్రమున స్టేట్ కాలేజి అను ఊరిలో ఏమస్ నైహార్టు అను ఆచార్యుడు 1934లో ఉన్నతపాఠశాల విద్యార్థులకు బండి తోలుట నేర్పెను. ఆ పద్ధతి దేశమంతటను వ్యాపించెను. గణితమువలె, భూగోళమువలె సారథ్యమును ఒక పాఠమయ్యెను. చదువుకొన్న బాలుడు జాగ్రత్తగా తోలుననుట స్వతస్సిద్ధమని అందఱును తలంచిరి. ఈ మాటను పరీక్షించి చూతమని 1970ల చివరలో జార్జియా రాష్ట్రపు డీకాల్బు మండలమున ఒక మహాప్రయోగము చేసిరి. సుమారు 16,000 మంది విద్యార్థులను చీట్లువేసినట్లుగా మూడు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు మిక్కిలి శ్రద్ధతో కూర్చిన దీర్ఘమైన శిక్షణ. రెండవదానికి లైసెన్సు పొందుటకు చాలినంత మాత్రమే. మూడవదానికి పాఠశాలలో ఏమియు లేదు. ఫలితములు 1983లో వెలువడెను. ఉత్తమశిక్షణ పొందినవారికి లైసెన్సు వచ్చిన మొదటి కొన్నిమాసములలో కొంచెము మేలు కనబడెను. అటుపిమ్మట ఆ మేలు నిలువలేదు.

ఇంతకంటె కలవరపఱచు సంగతి కనెక్టికట్ రాష్ట్రమున బయటపడెను. అక్కడ ఈ శిక్షణకు ప్రభుత్వము ధనమిచ్చుట మానగా, కొన్ని ఊళ్లు పాఠశాలలలో దానిని ఎత్తివేసెను. లియాన్ రాబర్ట్‌సన్ అను పండితుడు ఆ ఊళ్లను పరిశీలించి 1980లో తన లెక్కలు ప్రకటించెను. శిక్షణ ఎత్తివేసిన ఊళ్లలో 16, 17 ఏండ్లవారు లైసెన్సులు పొందుట తగ్గెను. దానితోపాటు ఆ వయసువారి ప్రమాదములును తగ్గెను. విద్య పిల్లలను చెఱచినదా? కాదు. విద్య వారిని తొందరగా బాటమీదికి తెచ్చినది. అంతియే. వారి చేతికి నేర్పు వచ్చెను. ఆ వెనుకనే రావలసిన నిదానమునకు మాత్రము ఏండ్లు పట్టును. నార్వేలో జారుడుబాటలపై బండిని అదుపుచేయుటను ప్రత్యేకముగా నేర్పిచూచిరి. తరువాత లెక్కచూడగా పడుచువాండ్ర ప్రమాదములు తగ్గుటకు మాఱుగా పెరిగినట్లు కనబడెను. జారినను నిలుపుకొందునను ధీమా వారిని మఱింత వేగముగా పోనిచ్చెను కాబోలు.

దీనినిబట్టి నేర్పుట వ్యర్థమని నేననుటలేదు. నేర్పనివాని చేతిలో డ్రిస్కాల్ గృహిణి ఏమయ్యెనో చూచితిమి. నేర్పినంతమాత్రమున అధికారము నిండుగా చేతికీయదగదని మాత్రమే దీని తాత్పర్యము. ఈ సత్యమును చట్టముగా మలచిన యశస్సు న్యూజీలాండు దేశమునకు దక్కినది. 1987 ఆగష్టు 1వ తేదీన వారు అధికారమును మెట్లుమెట్లుగా ఇచ్చు పద్ధతిని ప్రారంభించిరి. మొదటిమెట్టున, అనుభవజ్ఞుడు ప్రక్కన కూర్చుండగనే తోలవలెను. రెండవమెట్టున, ఒంటరిగా తోలవచ్చును గాని రాత్రి 10 గంటలనుండి ఉదయము 5 గంటల వఱకు కూడదు. పెద్దవారు ప్రక్కన లేక స్నేహితులను ఎక్కించుకొనరాదు. ఆ పిమ్మటనే పూర్ణాధికారము. రాత్రివేళయు, తోటివారి కేరింతలును క్రొత్తవానికి ఎంత ప్రమాదకరములో వారు కనిపెట్టిరి. ఫ్లారిడా 1996లో ఈ మార్గమునే త్రొక్కెను; అమెరికాలోని తక్కిన రాష్ట్రములును క్రమముగా దానిని అనుసరించెను. అచ్చట కుటుంబమే పాఠశాలయయ్యెను. తండ్రియో తల్లియో ప్రక్కన కూర్చుండి గంటలు లెక్కించవలసివచ్చెను.

ఇక మనదేశము. 18 ఏండ్లు నిండనివాడు బహిరంగస్థలములలో మోటారు తోలరాదని 1914 చట్టమే చెప్పెను. 1939 చట్టము సామర్థ్యపరీక్ష ఎట్లుండవలెనో వివరించెను. ఇప్పుడు అమలులోనున్నది 1988 చట్టము; 1989 జూలై 1న ప్రారంభమైనది. 16 ఏండ్లు నిండినవారికి 50 సీసీ మించని యంత్రముగల బండిని మాత్రము అది అనుమతించుచున్నది. నేడు వీధులలో తిరుగు పెట్రోలు స్కూటరులు చాలవఱకు దానికి రెట్టింపు బలము గలవి! శిక్షణాలయములకును నియమములు కలవు. కారు మొదలగు సొంతబండ్లకు శిక్షణ 21 దినములకు తగ్గరాదు. అందు స్వయముగా తోలిన కాలము 10 గంటలకు తగ్గరాదు. కాగితముమీద ఇది లోపములేని నియమము. నేను నేర్చుకొన్ననాడు నాలుగుగంటలు తోలి పదిగంటలకు సంతకము చేసితిని. నాకు నేర్పినవాడు పుస్తకము ముందుకు త్రోసెను, నేను కలము తీసితిని. ఆ తప్పు మా ఇద్దఱిది. పరీక్షాధికారి మైదానమున ఎనిమిదంకె ఆకారమున ఒకసారి త్రిప్పించి పంపివేసెను.

2021 జూలైనుండి గుర్తింపుపొందిన శిక్షణకేంద్రములను ప్రభుత్వము ప్రవేశపెట్టెను. అందు చిన్నమోటారుబండ్లకు నాలుగువారములలో 29 గంటల శిక్షణ. పాఠము 8 గంటలు, అభ్యాసము 21 గంటలు. ఇది సంతోషింపదగిన వృద్ధియే. కాని అచ్చట ఉత్తీర్ణులైనవారికి రవాణాకార్యాలయమున మరల పరీక్షయుండదు. నేర్పినవాడే పరీక్షించి, పరీక్షించినవాడే రుసుము తీసికొనుచో, నా సంతకమువంటి సంతకములు ఎన్ని పడునో యని నాకు భయము.

2022లో మనదేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవుచుండినవారు. మన కుటుంబములు ప్రయాణము చేయునది ముఖ్యముగా ఆ బండ్లమీదనే: ముందు బిడ్డ, మధ్య తండ్రి, వెనుక తల్లి, ఆమె ఒడిలో ఇంకొక బిడ్డ. తొమ్మిదినెలలనుండి నాలుగేండ్లలోపు బిడ్డను ఎక్కించుకొన్నప్పుడు బిడ్డను తోలువానికి కట్టియుంచు పట్టీయు, తలకు హెల్మెట్టును ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేసిరి. ఆ పట్టీని మా వీధిలో నేనింతవఱకు చూడలేదు.

2019 సవరణలో కౌటిల్యుడు తిరిగివచ్చెను. బాలుడు బండి తోలి నేరము చేసినయెడల వాని సంరక్షకుడో బండి యజమానుడో నేరస్థుడుగ ఎంచబడును. తనకు తెలియకయే జరిగినదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిననియో నిరూపించుకొన్ననేగాని విడుదల లేదు. మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా, పండ్రెండునెలలు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు లేదు.

ఇదంతయు మా తమ్మునకు చదివి వినిపించితిని. కారాగారముమాటకు వాడు నవ్వెను, జుల్మానాకును జంకలేదు. డీకాల్బు బాలురును చక్కగనే తోలిరని చెప్పినప్పుడు మాత్రము కొంచెముసేపు మాటాడక, స్కూటరు తాళపుచెవి తెచ్చి నా చేతిలో పెట్టెను. ఇప్పుడు సాయంకాలములయందు అమ్మాయిని ట్యూషనునకు నేనే దింపుచున్నాను. అబ్బాయి సైకిలుపై మా వెనుకనే వచ్చుచున్నాడు. వారమైనది, వాడు నాతో మాటాడుట లేదు.