కొండను బీడు చేసిందెవరు? మళ్ళీ పచ్చగా చేసిందెవరు?



"పోడు కొట్టి అడవులన్నీ నాశనం చేశారు" అనే మాట మన పిల్లలు కాలేజీల్లో, బస్సుల్లో వింటూనే ఉంటారు. కొందరు తల దించుకుంటారు, కొందరు గొడవకు దిగుతారు. మన కొండల చరిత్ర తెలిస్తే ఆ రెండూ అక్కరలేదు. నెమ్మదిగా జవాబు చెప్పవచ్చు.

మన తాతల నాటి పోడుకు ఒక లెక్క ఉండేది. కొండ వాలులో కొంత చోటు నరికి, కాల్చి, ఆ బూడిదే ఎరువుగా చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లేవారు. రెండు మూడేళ్ళు పండించి ఆ చోటు వదిలేసేవారు. చాలా ఏళ్ళు అటు వెళ్ళేవారు కాదు. ఈలోగా మోళ్ళు చిగురించి, ఆకు రాలి, మట్టి మళ్ళీ బలం పుంజుకునేది. నేలకు విశ్రాంతి ఇవ్వడమే పోడుకు ప్రాణం.

ఆ విశ్రాంతి ఎలా పోయింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మంచి అడవులు రిజర్వు అయ్యాయి. పోడుకు, కలపకు, మేతకు అడ్డంకులు పెరిగాయి. అంతకుముందే కల్లు పన్ను, మన్సబుదారు పీడన వంటి కారణాలతో 1879లో రంప తిరుగుబాటు జరిగింది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్ళు నడవడానికి పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ ముఖ్య కారణాలు. తిరగడానికి కొండలు తగ్గాయి, తినే నోళ్ళు పెరిగాయి. దాంతో అదే చెక్కను రెండు మూడేళ్ళకే మళ్ళీ కొట్టవలసి వచ్చింది. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి, గెడ్డలు ఎండాకాలానికి ముందే ఇంకిపోయాయి. కాబట్టి కొండ బీడు కావడానికి మన పద్ధతి ఒక్కటే కారణమనడం సగం కథ మాత్రమే.

మిగతా సగం కథ కాఫీతో మొదలవుతుంది. 1898లో ఆంగ్లేయులు పాములేరు లోయలో కాఫీ నాటించారు. 1960ల నుంచి అటవీశాఖ తోటలు పెంచింది. ఆ తరువాత ఐ.టి.డి.ఎ. ద్వారా గిరిజన కుటుంబాలు తమ పోడు చెక్కల్లోనే నాటుకోవడం మొదలైంది. కాఫీకి నీడ కావాలి. అందుకే ముందు సిల్వర్ ఓక్ వేస్తారు. అది ఎదిగాక కాఫీ మొక్క, చెట్టుకు మిరియాల తీగ. ఏటా దున్నే పని లేదు, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, రాలిన ఆకు నేలను కప్పుతుంది. ఈనాడు మన ఏజెన్సీలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పథకాలు ప్రభుత్వానివి, సంస్థలవి. వాలులో గోతులు తీసి, మొక్కలు మోసి, బతికించింది మాత్రం మన అమ్మలు, నాన్నలు.

మూడో మలుపు ప్రకృతి వ్యవసాయం. 2004లో మహిళా సంఘాల ఆధారంగా పురుగుమందులు లేని సేద్యం మొదలైంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా అది ప్రకృతి వ్యవసాయంగా విస్తరించింది. రైతులే తోటి రైతులకు నేర్పుతారు. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి నీళ్ళలో రెండు రోజులు నానబెడితే జీవామృతం. అది మట్టిలోని సూక్ష్మజీవులను పెంచుతుంది. తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి, ఏడాది పొడవునా నేల కప్పి ఉంచుతారు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. కలిపి చల్లడం మన పోడులో పాత పనే. శాస్త్రవేత్తలు చెప్పేవరకు దానిని వెనకబాటు అన్నారు.

అయితే అంతా బాగుందని చేతులు కట్టుకు కూర్చోలేం. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. తోటంతా అదే అయితే పనస, మామిడి, చింత, ఇప్ప ఏమవుతాయి? చేతికి డబ్బు వచ్చే పంట పెరిగిన కొద్దీ సామ చెక్కలు తగ్గిపోతాయి. సామ పండకపోతే సామకొత్త పండుగ పేరుకే మిగులుతుంది. ఇటుకల పండుగలో మొక్కడానికి మన విత్తనం ఉండాలి కదా. పచ్చబడిన కొండ మీద బయటివాళ్ళ కన్ను పడుతుందని కూడా మరవకండి. 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెబుతున్నాయో ప్రతి ఇంట్లో ఒక్కరైనా చదివి ఉండాలి.

హాస్టల్‌లో చదువుకునే పిల్లలకు నేను ఏటా చెప్పే పని ఒకటుంది. మీరూ చేయండి. ఈసారి పండుగకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని, ఆమెకు తెలిసిన విత్తనాల పేర్లన్నీ మన భాషలోనే రాసుకోండి. ఏ నెలలో చల్లుతారు, ఏ వాలులో పండుతుంది, ఎలా దాస్తారు అని అడగండి. ఇంట్లో మిగిలి ఉన్న వాటిలో గుప్పెడు తెచ్చి, వచ్చే తొలకరికి ఒక మూల చల్లండి. పట్టాలో మీ కుటుంబం పేరు, సర్వే నంబరు సరిగా ఉన్నాయో లేదో కూడా అదే రోజు చూడండి.