బడిలో వేధింపు: ఒక దేశం మేలుకున్న తీరు



"బడి అన్నాక పిల్లలు ఏడిపించుకోరా?" అని మన ఇళ్ళలో అంటూ ఉంటాం. కాని ఏడిపించడం వేరు, వేధించడం వేరు. ఈ తేడా గుర్తించడానికి ప్రపంచానికి చాలాకాలం పట్టింది.

1969లో స్వీడన్‌లో హైనెమాన్ అనే వైద్యుడు పిల్లల వేధింపును చర్చకు పెట్టి, దానికి 'మాబింగ్' అనే మాట వాడారు. పక్షులు గుంపుకట్టి శత్రువును తరమడాన్ని జంతుశాస్త్రంలో అలా అంటారు. గుడ్లగూబ కనబడితే కాకులన్నీ ఒక్కుమ్మడిగా మీదపడడం మనం చూసిందే. ఆ తరవాత డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బడిపిల్లలను పరిశీలించి 1973లో పుస్తకం ప్రచురించారు. దీనికి గుంపే అక్కరలేదు, ఒకరిద్దరు చాలునన్నారు. ఎదురు చెప్పలేని పిల్లవాణ్ణి బలం ఉన్నవాళ్ళు పదేపదే బాధపెట్టడమే వేధింపు అని ఆయన నిర్వచనం. కళ్ళజోడో, జుట్టు రంగో అసలు కారణం కాదనీ, స్నేహితులు లేక బెరుకుగా ఉండే పిల్లలే ఎక్కువగా చిక్కుతారనీ కూడా తేల్చారు.

అయినా ప్రభుత్వాలు కదలలేదు. 1982 చివర ఉత్తర నార్వేలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటివారి వేధింపే కారణమని అందరూ భావించారు. దేశం ఉలిక్కిపడింది. 1983లో ప్రభుత్వం బళ్ళన్నిటిలో ఉద్యమం చేపట్టింది. పేరు రాయనక్కరలేని ప్రశ్నపత్రాలు పిల్లలచేత నింపించారు. సుమారు నూటికి 15 మంది వేధించేవారుగానో, వేధింపుకు గురయ్యేవారుగానో ఉన్నారని లెక్క తేలింది.

బెర్గెన్ నగరంలో 42 బళ్ళలో దాదాపు 2,500 మంది పిల్లలను రెండేళ్ళపాటు గమనించారు. అక్కడ చేసినవి పెద్ద పనులేమీ కావు. విరామ సమయంలో ఉపాధ్యాయులు ఆవరణలో కనిపెట్టుకుని ఉన్నారు. తరగతిలో పిల్లలతో కూర్చుని నియమాలు ఏర్పరిచారు. వేధించినవాడితోనూ, బాధపడినవాడితోనూ, ఇద్దరి తల్లిదండ్రులతోనూ విడివిడిగా మాట్లాడారు. వేధింపు సుమారు సగానికి తగ్గింది.

మన దేశంలో ముందుగా కాలేజీల ర్యాగింగ్ మీద దృష్టి పడింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ 1997లోను, మహారాష్ట్ర 1999లోను నిషేధ చట్టాలు చేశాయి. కాని ఎనిమిదో తరగతి పిల్లవాడు చట్టం చేతబట్టుకుని ఎక్కడికి వెళ్తాడు? వాడికి దగ్గరున్నది అమ్మానాన్నలూ, పంతులుగారూ.

మన సరిహద్దు ఊళ్ళలో ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి. పిల్లవాడి యాసను ఒకసారి వెక్కిరిస్తే నవ్వులాట. రోజూ వెక్కిరిస్తే వాడు తరగతిలో నోరు విప్పడమే మానేస్తాడు. బడికి పోనని మారాం చేస్తే, కోప్పడే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. చెప్పింది నమ్మండి. మర్నాడు మీరే బడికి వెళ్ళి ఉపాధ్యాయుడితో మాట్లాడండి.